వాన రాకముందే పనికి విరామమా?

అరవై రోజుల తేదీలను గ్రామసభ తేల్చాలి. పరిశోధనా కేంద్రం తోడు నిలవాలి

అనంతపురం: ఆరుద్ర కార్తె వచ్చి పోయినా పదును వాన పడని ఏడు ఈ జిల్లా మెట్ట పల్లెలకు కొత్త కాదు. రైతు గుంటక తోలి చేను సిద్ధం చేసి ఉంటాడు. విత్తనకాయలు ఒలిచి ఇంట్లో మూటలు కట్టి ఉంటాయి. గొర్రు వసారాలో ఉంటుంది. ఆకాశం మాత్రం కనికరించదు. అటువంటి వారాలలో రైతుకు చేలో పని లేదు, కూలికి రైతు దగ్గర పని లేదు. ఇరవై ఏళ్లుగా ఆ వారాలను గడిపించినది ఉపాధి హామీ పని. కందకం తవ్వినా, సేద్యపు కుంట తీసినా, చెరువులో పూడిక ఎత్తినా ఇంత డబ్బు చేతికి వచ్చేది.

ఇకమీదట సరిగ్గా ఆ వారాలలోనే, "ఇది విత్తనాల కాలం, పనులు ఆపినాము" అని కూలీలకు చెప్పే పరిస్థితి రావచ్చు. విత్తనమే పడని కాలాన్ని విత్తనాల కాలమని ఎవరు నిర్ణయిస్తారు? ఏ లెక్క చూసి నిర్ణయిస్తారు? ఈ ప్రశ్నకు సరైన సమాధానం దొరకకపోతే రైతుకు మేలు జరగదు, కూలీకి కీడు తప్పదు.

కొత్త చట్టం చెప్పేది

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. అదే నెల 21న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. వికసిత్ భారత్ పేరుతో వచ్చిన ఈ చట్టాన్ని "జీ రామ్ జీ" అని పొట్టి పేరుతో వ్యవహరిస్తున్నారు. పాత చట్టం ఏడాదికి కుటుంబానికి 100 రోజుల పనికి హామీ ఇవ్వగా, కొత్త చట్టం 125 రోజులు అంటున్నది. పాత చట్టంలో నైపుణ్యం అక్కరలేని పనుల కూలి మొత్తాన్ని కేంద్రమే భరించేది. కొత్త చట్టం కింద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాలలో ఖర్చులో 60 పాళ్లు కేంద్రానివి, 40 పాళ్లు రాష్ట్రానివి.

వీటితోపాటు పల్లె జీవనాన్ని నేరుగా తాకే నిబంధన మరొకటి ఉన్నది. విత్తే కాలం, కోసే కాలం కలిపి ఆర్థిక సంవత్సరంలో మొత్తం 60 రోజులు ఈ చట్టం కింద పనులు జరగవు. ఆ రోజులు ఏవో రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ప్రకటించాలి.

ఏడాదిలో 60 రోజులు పోయినా 305 రోజులు మిగులుతాయి గదా, అందులో 125 రోజుల పని దొరకదా అని అడగవచ్చు. కాగితం మీద ఆ లెక్క సరైనదే. అయితే కూలి కుటుంబానికి డబ్బు ఎంత వచ్చిందన్నదే కాదు, ఎప్పుడు వచ్చిందన్నది కూడా ముఖ్యం. బడులు తెరిచేది జూన్‌లో. పిల్లల పుస్తకాలు, బట్టలు అప్పుడే కావాలి. రెండు మూడు ఎకరాల మెట్ట ఉన్న చిన్న రైతు కూడా ఉపాధి పనికి పోయేవాడే. సబ్సిడీ విత్తనకాయలకు అతడు కట్టవలసిన సొమ్ములో కొంత ఆ కూలి నుంచే వస్తుంది.

2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి రోజుకు రూ.307. రెండు వారాలలో 12 పని రోజులు పోతే ఒక మనిషికి రూ.3,684 నష్టం. ఆలుమగలు ఇద్దరికీ కలిపి రూ.7,368. ఆ మొత్తం కోసం వడ్డీవ్యాపారి గడప తొక్కితే, అక్టోబరులో కాయలు అమ్మిన డబ్బు ముందుగా అతడికే పోతుంది. లేదా ఇంటికి తాళం వేసి బెంగుళూరు బస్సు ఎక్కవలసి వస్తుంది.

రైతు గోడు కూడా నిజమే

ఈ విరామం కోరిన రైతుల వాదనను తోసివేయడానికి లేదు. కలుపు ముమ్మరంగా ఉన్నప్పుడు, వేరుశనగ కట్టె పీకవలసి వచ్చినప్పుడు కూలీలు దొరకక రైతు పడే యాతన ఎవరికీ తెలియనిది కాదు. కాయ పండి నేలలో ఉండగా వాన పడితే కాయలు భూమిలోనే మొలకెత్తుతాయి. నాలుగు రోజుల ఆలస్యం ఏడాది కష్టాన్ని మింగుతుంది. ఆ నాలుగు రోజులూ ఊరి కూలీలు చెరువు మట్టి పనిలో ఉంటే రైతుకు కడుపు మండదా?

కాని ఒక తేడాను గమనించాలి. మెట్ట సేద్యంలో మనుషుల అవసరం ఎక్కువగా ఉండేది విత్తేటప్పుడు కాదు. ట్రాక్టరు గొర్రు వచ్చిన తరువాత పదిమంది చేసే పని ఇద్దరు ముగ్గురితో అయిపోతున్నది. పదును చిక్కిందంటే రెండు మూడు రోజులలో ఊరంతా విత్తనం వేసి ముగిస్తుంది. మనుషులు కావలసింది మూడు నాలుగు వారాల తరువాత కలుపుకు, మరల పంట చేతికి వచ్చే రోజులలో కట్టె పీకి, కుప్పలు వేసి, కాయలు విడదీయడానికి. గోదావరి డెల్టాలో వరినాట్ల కాలానికి కూలీల కొరత ఉండవచ్చు. ఆ డెల్టా కొలతతో కళ్యాణదుర్గం మెట్టకు తేదీలు నిర్ణయిస్తే, ఇక్కడ కూలీ అవసరం లేని రోజులలో పనులు ఆగిపోతాయి. అవసరం ఉన్న రోజులలో మట్టి పనులు నడుస్తుంటాయి. అప్పుడు రైతూ నష్టపోతాడు, కూలీ కూడా నష్టపోతాడు.

ఒక్క జిల్లాలోనే ఎన్ని కాలాలు!

డెల్టా మాట అటుంచి, అనంతపురం సీమలోనే ఒక తేదీ అందరికీ పనికిరాదు. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. ఈ రెండు జిల్లాలనూ కలిపి చూస్తే సేద్యం ఎన్ని తీరులుగా ఉన్నదో తెలుస్తుంది.

రాయదుర్గం, కళ్యాణదుర్గం, కదిరి ప్రాంతాల ఎర్రనేలల్లో వేరుశనగ జూన్, జూలై వానలకు వేస్తారు. ఉరవకొండ, విడపనకల్లు, తాడిపత్రి వైపు నల్లరేగడిలో శనగ విత్తేది అక్టోబరు తరువాత. కణేకల్లు, బొమ్మనహాళ్ తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి పండిస్తారు. అక్కడ విత్తనాల కాలాన్ని నిర్ణయించేది వాన కాదు, కాలువకు నీరు విడిచే రోజు. నార్పల, గార్లదిన్నె వైపు చీనీ తోటల పని ఏడాది పొడుగునా ఉంటుంది. హిందూపురం, మడకశిర వైపు పట్టుపురుగుల పెంపకానికి కార్తెలతో నిమిత్తం లేదు.

ఇక వాన సంగతి. అనంతపురంలో సాలీనా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపల రావాలి. అది ఎప్పుడు వస్తుందో, ఏ ఊరి మీద పడుతుందో చెప్పడం కష్టం. ఒక ఊరిలో వంక పారితే పక్క ఊరిలో దుమ్ము అణగదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవన్న సామెత ఇక్కడ ప్రతి ఏటా రుజువవుతూనే ఉంటుంది. ఇటువంటి చోట రాజధానిలో కూర్చుని ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు విత్తనాల కాలమని రాయడం సేద్యం ఎరిగిన పని కాదు.

దారి చట్టంలోనే ఉన్నది

మంచి విషయమేమంటే, రాష్ట్రమంతటికీ ఒకే తేదీలు పెట్టాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. వాతావరణ మండలాలను, స్థానిక సేద్యపు పద్ధతులను బట్టి జిల్లాకు, బ్లాకుకు, చివరకు గ్రామ పంచాయతీకి సైతం వేరువేరుగా ప్రకటన చేయవచ్చునని చెప్పింది. "మొత్తం 60 రోజులు" అన్నదే గాని వరుసగా 60 రోజులు అనలేదు. కనుక వారం, పది రోజుల చొప్పున ముక్కలు చేసుకోవడానికి అవకాశం ఉన్నది. ఈ అవకాశాన్ని ఉపయోగించుకోవడమా, లేక పని సులువు కోసం ఒకే ఉత్తర్వుతో రాష్ట్రమంతా చుట్టబెట్టడమా అన్నది ప్రభుత్వం చేతిలో ఉన్నది.

ప్రతి పంచాయతీకి వేరే తేదీ పెట్టడం కార్యాలయాలకు భారమన్న మాట వినిపించక మానదు. అయితే ఉపాధి కూలీల హాజరును ఫోటోలతో సహా పొద్దుట, మధ్యాహ్నం సెల్‌ఫోనులో ఎక్కించే ఏర్పాటును 2023 జనవరి నుంచి దేశమంతటా తప్పనిసరి చేశారు. పని స్థలంలో కూలీ నిలబడ్డాడా లేదా అని రోజుకు రెండుసార్లు చూడగల యంత్రాంగం, ఊరిలో పదును వాన పడిందా లేదా అని ఏడాదికి రెండుసార్లు చూడలేదా?

పరిశోధన ఊరి గడప దాటి లోపలికి రావాలి

ఇక్కడే పరిశోధనా కేంద్రాల పాత్ర వస్తుంది. ఈ సీమలో పరిశోధనకు కరువు లేదు. అనంతపురం పక్కన రేకులకుంటలో మెట్ట సేద్యపు పరిశోధనా కేంద్రం ఉన్నది. కదిరి కేంద్రం వేరుశనగ వంగడాలకు దేశంలో పేరు పొందింది. కదిరి-6 రకం రాష్ట్రాల ఎల్లలు దాటి పోయింది. ఆ తరువాత కదిరి లేపాక్షి వచ్చింది. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ జిల్లాల వారీగా ప్రత్యామ్నాయ ప్రణాళికలు తయారు చేసింది. వానలు రెండు వారాలు ఆలస్యమైతే ఏ నేలలో ఏమి వేయాలి, నాలుగు వారాలైతే ఏమి, ఆరు వారాలైతే ఏమి, ఎనిమిది వారాలైతే ఏమి అని వాటిలో వివరంగా ఉంటుంది.

అంటే వాన ఆలస్యమైతే విత్తే కాలం జరుగుతుందని ప్రభుత్వ పరిశోధనా సంస్థే అంగీకరించి, దానికి తగిన పట్టికలు వేసి ఇచ్చిందన్నమాట. విత్తే కాలం జరిగినప్పుడు విరామ కాలం మాత్రం ఎందుకు జరగకూడదు? వ్యవసాయ శాఖ చదివే పట్టికను గ్రామీణాభివృద్ధి శాఖ ఎందుకు చదవకూడదు? ఒకే చేనికి సంబంధించిన రెండు కాగితాలు రెండు కార్యాలయాలలో ఉండి ఒకదాని ముఖం ఒకటి చూడకపోవడం శోచనీయం.

పరిశోధనా కేంద్రాల వైపు కూడా ఒక లోటు ఉన్నది. ఎకరాకు ఎన్ని బస్తాలు వచ్చినదీ వారు జాగ్రత్తగా లెక్కిస్తారు. సేద్యపు ఖర్చుల లెక్కలలో కూలి ఖర్చూ వస్తుంది, కాని అవి రాష్ట్ర స్థాయి సగటులు. ఫలానా ఊరిలో ఏ పంటకు ఏ వారంలో ఎంతమంది మనుషులు కావాలన్న లెక్క పంచాయతీ చేతిలో లేదు. విరామానికి అసలు ఆధారం కావలసింది ఆ లెక్కే. దానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయ వ్యవస్థలో వ్యవసాయ సహాయకులను నియమించారు. ఊరి పంటల నమోదు వారి పనులలో ఒకటి. దానితోపాటు వారం వారం కూలి అవసరం కూడా ఒక గడిలో రాసి, రెండు మూడేళ్లు పరిశోధనా కేంద్రానికి పంపితే ఊరి సేద్యపు పంచాంగం తయారవుతుంది.

పనుల ఎంపికలోనూ పరిశోధన తోడు కావాలి. నీటి వాలు చూడక, నేల గుణం తెలియక తీసిన సేద్యపు కుంట వాన వెలిసిన నాలుగు రోజులకే ఎండిపోతుంది. ఎర్రనేలల్లో కుంట నీరు ఇంకిపోకుండా మట్టి, సిమెంటు కలిపి పూత పూసే పద్ధతిని అనంతపురం మెట్ట సేద్యపు కేంద్రం పరీక్షించింది. నిలిచిన ఆ నీటితో బెట్ట సమయంలో ఒక్క తడి ఇచ్చినా పంట గట్టెక్కుతుంది. ఈ సంగతి పనుల జాబితా రాసేవారికి తెలిసి ఉంటే, అదే కూలి డబ్బుతో కూలీకి పని, రైతుకు నీరు రెండూ దక్కుతాయి.

మస్టరు చదివిన సభ వాన లెక్క చదవలేదా?

ఇంత పెద్ద విషయాలు గ్రామసభకు అర్థమవుతాయా అని కొందరు అనవచ్చు. అటువంటి వారు ఈ జిల్లా చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొట్టమొదట ప్రారంభమైనది నార్పల మండలం బండ్లపల్లిలోనే. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించారు. సామాజిక తనిఖీని పద్ధతి ప్రకారం రాష్ట్రమంతటా నడిపించి ఇతర రాష్ట్రాలకు దారి చూపినది కూడా ఆంధ్రప్రదేశే. మస్టరు రోలును ఊరి నడుమ బిగ్గరగా చదివించి, "ఈ పేరు గలవాడు ఊరిలో లేడు", "ఈ పనికి నాకు డబ్బు రాలేదు" అని లేచి చెప్పినవారు కూలి జనమే. చాలామందికి సంతకం కూడా రాదు. అయినా లెక్క తప్పు ఎక్కడ ఉన్నదో పట్టుకున్నారు.

ఆ జనానికి వాన సంగతి ఎవరు నేర్పాలి? ఏ కార్తెలో వాన పడితే ఏమి వేయాలో, ఏ చేలో ఎన్ని రోజులు తేమ నిలుస్తుందో వారికి తాతల నాటి నుంచి తెలుసు. వారికి లేనిదల్లా గడచిన పదేళ్ల వాన అంకెలు, నిర్ణయం చేసే అధికారం. ఆ రెండూ ఇస్తే గ్రామసభ ఆ పని చేయగలదు. అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్నది ఊరి మాటే గాని ఉత్తర్వులలోది కాదు.

రాజ్యాంగం కూడా ఇదే చెబుతున్నది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలతో పదకొండవ షెడ్యూలు ఏర్పడింది. ఆ పట్టికలో మొదటిది వ్యవసాయం, వ్యవసాయ విస్తరణ. రెండవది భూమి అభివృద్ధి, భూసార పరిరక్షణ. మూడవది చిన్న నీటి వనరులు. ముప్పై ఏళ్లు దాటినా పంచాయతీ అంటే వీధి దీపాలు, మురుగు కాలువలు, ఇంటి పన్ను మాత్రమేనన్న భావం పోలేదు. తమ ఊరిలో విత్తనం ఎప్పుడు పడుతుందో చెప్పే హక్కు కూడా లేకపోతే ఆ పట్టికకు అర్థమేమున్నది?

పంచాయతీలకు సకాలంలో ఎన్నికలు జరగకపోతే ఈ హక్కు కూడా కాగితం మీదనే మిగిలిపోతుంది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరిలో ముగిస్తే తిరిగి ఎన్నికలు జరిగినది 2025 డిసెంబరులో. సుమారు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. ప్రత్యేకాధికారి ఎంత సమర్థుడైనా, కూలీలు నిలదీయగల సర్పంచికి సాటి కాలేడు.

ఖర్చు భయంతో కోత పెట్టరాదు

మరొక అనుమానాన్ని కూడా ముందే తీర్చుకోవడం మంచిది. ఖర్చులో 40 పాళ్లు రాష్ట్రం మీద పడుతున్నందున, పనులు ఆగిన ప్రతి రోజూ ఖజానాకు మిగులేనన్న ఆలోచన అధికార వర్గాలలో కలగవచ్చు. అప్పుడు విరామం రైతు కోసం పెట్టినది కాక, పద్దు కోసం పెట్టినదవుతుంది. కరువు ఏట కూలీలు అడిగే పని పెరుగుతుంది. అదే ఏట ప్రభుత్వ రాబడి తగ్గుతుంది. చేయి బిగించాలన్న కోరిక కలిగేది కూడా అప్పుడే. అందుకే తేదీల నిర్ణయం ఆర్థిక శాఖ బల్ల మీద కాక, ఊరి రచ్చబండ దగ్గర, అందరూ చూస్తుండగా జరగాలి.

చేయవలసినది

పని కష్టమైనది కాదు. ప్రతి ఏటా ఏప్రిల్‌లో గ్రామసభ జరిపి, ఊరి పంటలను బట్టి విరామపు వారాలను రైతులూ కూలీలూ కలిసి సూచించాలి. ఆ సభకు వ్యవసాయ సహాయకుడు గడచిన పదేళ్ల వాన లెక్కను తెలుగులో రాసి తెచ్చి చదవాలి. పరిశోధనా కేంద్రం నుంచి మండలానికి ఒక శాస్త్రవేత్త అయినా రావాలి. మెట్ట పంచాయతీలలో విరామంలో ఎక్కువ భాగాన్ని కలుపు తీసే వారాలకు, పంట కోసే వారాలకు కేటాయించాలి. విత్తే రోజులకు కొద్దిపాటి చాలు. వానలు రెండు వారాలు ఆలస్యమైతే విరామం కూడా దానంతట అదే జరిగేటట్లు ప్రకటనలోనే రాయాలి. మండలానికొక వర్షమాపకంతో సరిపెట్టక, పంచాయతీకొకటి ఏర్పాటు చేసి, దాని అంకెను రోజూ సచివాలయం బయట నల్లబల్ల మీద రాయాలి.

ఇవన్నీ చేసినా వాన రాకను ఎవరూ శాసించలేరు. కాని వాన రాని రోజున కూలి ఇంట పొయ్యి వెలగాలా వద్దా అన్నది మనుషులు నిర్ణయించే విషయమే. ఉపాధి హామీకి పురుడు పోసిన జిల్లా ఇది. ఆ హామీ పేరు మారినా, లెక్కలు మారినా, దాని ప్రాణం అడిగిన రోజున పని ఇవ్వడంలోనే ఉన్నది. విరామపు తేదీలు రాసే ముందు అధికారులు ఒక్కసారి ఆరుద్ర కార్తెలో కళ్యాణదుర్గం దారిన వచ్చి, ఎండిన చేల గట్టున నిలబడి చూడాలి. ఏ తేదీ రాయాలో అక్కడి దుమ్మే చెబుతుంది.